పెట్టె విప్పినప్పటి నుంచి మొదటి పూర్తి యుద్ధం దాకా: స్టార్ వార్స్ లీజియన్‌తో నా అనుభవం

లీజియన్ అంటే స్టార్ వార్స్ సినిమాల్లోని సైన్యాలను చిన్న బొమ్మలుగా టేబుల్ మీద నడుపుతూ, పాచికలతో యుద్ధం చేసే ఆట. ఆ పెట్టెకు ఆర్డర్ పెట్టింది జనవరి చివర్లో. రంగులు వేసిన సైన్యంతో, నిండు టేబుల్ మీద మొదటి పూర్తి ఆట ఆడింది జూన్ మధ్యలో. ఈ మధ్యలో పాచికలు చేతిలో పట్టుకున్న సమయం చాలా తక్కువ. మిగతాదంతా ఎదురుచూడటం, గీకడం, అతికించడం, రంగు వేయడం, ఆరబెట్టడం. సినిమాలో చూసిన యుద్ధాన్ని బొమ్మలతో ఆడుకోవచ్చని ఆశపడి దిగేవాళ్లకు ఈ సంగతి ముందే ఎవరో ఒకరు చెబితే బాగుంటుంది. నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆగేవాణ్ణి కాదు, అది వేరే విషయం.

ఈ పిచ్చి నాకూ మా బావమరిదికీ ఒకేసారి పట్టింది. వాడు వీడియో గేమ్‌ల నుంచి వచ్చాడు, నేను సినిమాల నుంచి. ఏ ఆట కొనాలన్నదాని మీదే జనవరి సగం గడిచిపోయింది. వాడు మొదట ఫాల్అవుట్ అన్నాడు. ఆ గేమ్ ప్రపంచంతో మోడిఫియస్ వాళ్లు 2018లో తెచ్చిన వేస్ట్‌ల్యాండ్ వార్‌ఫేర్‌లో ఒక్కరే ఆడుకునే ఏర్పాటు కూడా ఉంది. శత్రువు ఏం చేయాలో కార్డులే చెబుతాయి. "నీకు తీరిక లేనప్పుడు నేనొక్కణ్ణే ఆడుకుంటా బావా" అన్నాడు. అప్పుడిక ఇద్దరం కలిసి కొనడం దేనికని నేను ఒప్పుకోలేదు. హేలో వీడియో గేమ్ మీద 2024లో మాంటిక్ తెచ్చిన హేలో ఫ్లాష్‌పాయింట్ కూడా కాసేపు చర్చలో ఉంది. అందులో బొమ్మలు అతికించే వస్తాయి. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత పెద్ద వరమో అర్థమవుతోంది కానీ, అప్పుడు మాకు అదో లెక్కలోకి రాలేదు.

నా మనసు మొదట మిడిల్ ఎర్త్ మీద, అంటే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల ఆట మీద ఉండేది. 2001లో సినిమా వచ్చినప్పుడే గేమ్స్ వర్క్‌షాప్ మొదలుపెట్టిన ఆట, ఇప్పటికీ నడుస్తోంది. స్టార్ వార్స్ అంతరిక్ష ఓడలతో ఆడే ఎక్స్-వింగ్ అయితే 2012 నాటిది, ఓడలు రంగులు వేసే వస్తాయి, పెట్టె విప్పిన పూటే ఆడుకోవచ్చు. కానీ ఇక కొత్తవేమీ తయారుచేయబోమని 2024లో ప్రకటించారు. పాత సరుకు వెతుక్కుంటూ తిరగడం మా వల్ల కాదనుకున్నాం. చివరికి లీజియన్ దగ్గర ఆగడానికి కారణం ఒకటే: 2018లో వచ్చిన మొదటి పెట్టెలో రెండు సైన్యాలూ ఉంటాయి. ఒకవైపు సినిమాలో విలన్ డార్త్ వేడర్, ఇంకోవైపు హీరో ల్యూక్ స్కైవాకర్. నాకు వేడర్, వాడికి ల్యూక్. వాదన అక్కడితో తెగిపోయింది.

ఆ పాత పెట్టెను ఎవరో కొని, విప్పకుండా దాచుకుని, మనసు మార్చుకుని అమ్ముతుంటే తీసుకున్నాం. ఇక్కడ ఒక మెలిక ఉంది, కొనేవాళ్లు గమనించాలి. 2024లో ఈ ఆట నియమాలు తిరగరాశారు. ఒక్కో దళానికీ ఇన్ని పాయింట్లని ధర ఉంటుంది; పూర్తి ఆటకు సైన్యం కూర్చుకునే ఆ లెక్క 800 పాయింట్ల నుంచి 1000కి పెరిగింది. కార్డులు మారాయి. పాత పెట్టెలో ఉన్న కార్డుల మీద పాత లెక్కలే ఉంటాయి. పోటీలకు వెళ్లేవాళ్లకు అవి పనికిరావు. ఇంట్లో ఇద్దరం ఆడుకోవడానికి ఏం ఫర్వాలేదని, పెట్టెలో ఉన్న నియమాలతోనే ఆడాలని ముందే మాట అనుకున్నాం. కాబట్టి కింద నేను చెప్పే అంకెలన్నీ ఆ మొదటి పెట్టెవి.

పార్సెల్ రావడానికి మూడు వారాలు దాటింది. మొదటి వారం రోజూ ట్రాకింగ్ చూసుకున్నాను. రెండో వారం ఒకే చోట కదలకుండా కూర్చుంది. మూడో వారం అమ్మినాయనకు మెసేజ్ పెడితే "నాకూ అదే కనిపిస్తోంది" అన్నాడు. ఆ టెన్షన్‌లో చేసిన మంచిపని ఒక్కటే, నియమాల పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని చదవడం. రెండుసార్లు చదివినా ఒక్క ముక్క తలకెక్కలేదు. బొమ్మలు ముందు పెట్టుకుంటే తప్ప అర్థం కాని చదువు అది. ఫిబ్రవరి మూడో వారంలో పెట్టె వచ్చింది. ఒక మూల నొక్కుకుపోయింది కానీ లోపల అన్నీ క్షేమం.

విప్పి చూస్తే 33 బొమ్మలు. నా వైపు వేడర్, పద్నాలుగు మంది స్టార్మ్‌ట్రూపర్లు (తెల్ల కవచాల సైనికులు), రెండు స్పీడర్ బైక్‌లు. వాడి వైపు ల్యూక్, పద్నాలుగు మంది రెబెల్ (తిరుగుబాటు) సైనికులు, ఏటీ-ఆర్‌టీ అనే రెండు కాళ్ల యంత్రం. పెట్టె మీది బొమ్మలో అందరూ మెరిసిపోతున్నారు. లోపల మాత్రం అందరూ బూడిదరంగులో, చేతులు ఒకచోట, మొండేలు ఒకచోట. వేడర్ చేతిలోని కత్తి వంగి ఉంది. సినిమాలో లోకాన్ని గడగడలాడించిన కత్తి వేడికి వాడిన మొక్క కాడలా కిందికి వేలాడుతోంది. బావమరిది పడీపడీ నవ్వాడు.

దానికి చికిత్స సులువే. ఈ పాత పెట్టెలోది మెత్తటి ప్లాస్టిక్. గిన్నెలో బాగా వేడిగా ఉన్న నీళ్లు, పక్కన ఇంకో గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకోవాలి. వంగిన భాగాన్ని వేడినీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడుతుంది. చేత్తో నిటారుగా సాగదీసి పట్టుకుని, వెంటనే చల్లనీళ్లలో ముంచితే అలాగే బిగుసుకుంటుంది. వేడర్ కత్తి మొదటిసారికే నిలబడింది. ట్రూపర్ల తుపాకులు కొన్ని మొండికేశాయి, మర్నాటికి మళ్లీ వంగాయి. అలాంటివాటికి మళ్లీ స్నానం చేయించడమే.

ఇంకో చిన్న ఆశ్చర్యం జిగురు దగ్గర. మోడళ్లు చేసేవాళ్లు వాడే ప్లాస్టిక్ సిమెంట్ ఒకటి ముందే తెప్పించి పెట్టుకున్నాం. అది గట్టి ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. ఈ మెత్తటి రకం మీద అది పనిచేయదు. సూపర్ గ్లూనే కావాలి. ఈ ఆటలోనే తర్వాత వచ్చిన బొమ్మలు గట్టి ప్లాస్టిక్‌వి, వాటికి ఆ సిమెంట్ బాగా పనికొస్తుంది. అంటే ఒకే సైన్యంలో రెండు రకాల జిగుర్లు. సూపర్ గ్లూ గురించి కొత్తగా చెప్పేదేముంది, బొమ్మ చెయ్యి బొమ్మకు అంటుకునే లోపే నా వేలు నా వేలికి అంటుకునేది.

అతికించేముందు అన్నిటినీ సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాం. అచ్చులోంచి బయటికి రావడానికి పూసే జిడ్డు మిగిలి ఉంటే రంగు నిలవదు. తర్వాత అచ్చు గీతలు గీకడం. అచ్చులో రెండు సగాలు కలిసేచోట బొమ్మ పక్కల వెంట సన్నటి గీత ఉబ్బుగా ఉంటుంది. రంగు వేయకముందు కనపడదు, వేశాక అదొక్కటే కనపడుతుంది. మెత్తటి ప్లాస్టిక్‌ను ఉప్పుకాగితంతో రుద్దితే నున్నబడకపోగా నూగు లేస్తుంది. కత్తి వెనకవైపుతో నెమ్మదిగా గీకాలి. ఇరవై ఎనిమిది మంది సైనికులకు, ఇద్దరు హీరోలకు, చేతులకు, కాళ్లకు, హెల్మెట్లకు ఇలా గీకుతూ మార్చి మొదటి రెండు వారాలు సాయంత్రాలన్నీ పోయాయి. మా ఆవిడ ఒకసారి వచ్చి చూసి, "ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఏటీ-ఆర్‌టీకి మూడు రకాల ఆయుధాలు ఇస్తారు. ఒకటి లేజర్, ఒకటి మంటలు కక్కేది, ఒకటి గిరగిరా తిరిగే తుపాకీ. ఏది పెట్టుకుంటే దానికి తగ్గట్టు పాయింట్లు. ఒకటి అతికిస్తే మిగతా రెండూ వృథా కాబట్టి, అతికించకుండా ఊరికే తొడిగి పెట్టుకున్నాం. కొందరు చిన్న అయస్కాంతాలు లోపల అమర్చి మార్చుకుంటారు. ఆ ఓపిక మాకు లేదు.

మార్చి మధ్యలో ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత. ఇది స్ప్రే డబ్బా. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు కొడితే బొమ్మ మీద పొడి రాలినట్టు గరుకుగా తయారవుతుందని అందరూ భయపెట్టారు. దాంతో పొడి వాతావరణం కోసం పది రోజుల పైనే ఆగాం. రోజూ పొద్దున లేవగానే తేమ శాతం చూడటం ఒక అలవాటైంది. కొట్టేది మాత్రం పదిహేను నిమిషాల పని. డబ్బాను బాగా కుదిపి, జానెడు దూరం దాటి పట్టుకుని, ఆగకుండా అటూ ఇటూ ఊపుతూ పలచగా రెండు పూతలు. ట్రూపర్లకు లేత బూడిదరంగు, రెబెళ్లకు గోధుమరంగు, వేడర్‌కు నలుపు.

అదే రోజు థర్మోకోల్‌తో చేసిన గోడలకు కూడా మిగిలిన స్ప్రే కొట్టేద్దామన్నాడు బావమరిది. మాకు ఆట నేర్పిన ఒక పెద్దాయన ఉన్నారు, ఇలాంటి ఆటలు ఇరవై ఏళ్లుగా ఆడుతున్న మనిషి. ఆయన ఫోన్‌లోనే "ఆగండాగండి" అని ఆపారు. స్ప్రేలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుందట. చిన్న ముక్క మీద కొట్టి చూస్తే మా కళ్లముందే గుంటలు పడి కుంగిపోయింది. ముందు తెల్ల జిగురు కలిపిన రంగును కుంచెతో దట్టంగా పూసి, అది పూర్తిగా ఆరాకే స్ప్రే కొట్టాలి.

ఇక రంగులు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. నాకు చిన్నప్పుడు స్కూల్లో కుంచె పట్టుకున్న జ్ఞాపకమే తప్ప ఇంకేమీ రాదు. అలాంటివాడికి తగిలింది తెల్ల కవచాల సైన్యం. రంగుల్లో అన్నిటికంటే మొండిది తెలుపే. చిక్కగా వేస్తే గడ్డకట్టి సుద్దలా కనిపిస్తుంది, పలచగా వేస్తే కింది రంగు కనపడుతుంది. ఒక్కో పూతను నీళ్లంత పలచగా కలుపుకుని, మూడు నాలుగుసార్లు, మధ్యమధ్య పూర్తిగా ఆరనిస్తూ వేయాలి. అచ్చమైన తెలుపు వాడొద్దని పెద్దాయన చెప్పారు. బూడిదరంగు కలిసిన తెలుపు ఒళ్లంతా వేసి, అచ్చ తెలుపును హెల్మెట్ అంచులకు, భుజాల పైభాగానికి మాత్రమే తాకించాలి. అప్పుడే వెలుగు పడినట్టు కనిపిస్తుంది.

కవచం ముక్కలకు మధ్య సందుల్లో నలుపు కనపడాలి. ఆ సందు గుండుసూది మొన అంత. నీళ్లలాంటి ముదురు రంగు ఒకటి అమ్ముతారు, వాష్ అంటారు. దాన్ని కుంచె కొసతో సందులో ఒక చుక్క ముట్టిస్తే, అదే పాకుతూ గీత పొడవునా పోతుంది. మొదటిసారి మోకాలి దగ్గర చుక్క పెట్టి, అది తొడ కవచం చుట్టూ తిరిగి రావడం చూసినప్పుడు కలిగిన ఆనందం ఆట గెలిచినా రాలేదు. ఒక్కో ట్రూపర్‌కు ఒక సాయంత్రం. వరసపెట్టి ఐదుగురికి ఒకేసారి వేస్తే సమయం కలిసొస్తుందని అంటారు, నిజమే. కానీ ఐదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మెడ పట్టేసేది. తర్వాత తెలిసిన చిట్కా: బొమ్మను చేత్తో పట్టుకోకుండా ఖాళీ మందుసీసా మూత మీద బంకతో నిలబెట్టి, ఆ సీసాను పట్టుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి వేస్తే చెయ్యి వణకదు, మెడ వంచక్కర్లేదు.

వేడర్‌ను చివరికి దాచుకున్నాను. ఒళ్లంతా నలుపే కదా, ఒక్క గంటలో అయిపోతుందనిపిస్తుంది. కానీ వేడర్ నలుపులో మూడు రకాలు ఉన్నాయి. అంగీ గుడ్డ, ఒంటి మీది తోలు, నిగనిగలాడే హెల్మెట్. అన్నిటికీ ఒకే నలుపు వేస్తే బొగ్గు ముద్దలా ఉంటుంది. అంగీ మడతల అంచులకు నీలం కలిసిన బూడిదరంగు సన్నగా లాగాను. ఒంటికి మెరుపు లేని వార్నిష్, హెల్మెట్‌కు మాత్రం మెరుపు వార్నిష్. ఆ చివరి చుక్క ఆరాక దీపం కింద తిప్పి చూస్తే నుదుటి మీద వెలుగు జారింది. ఛాతీ మీది మీటల పలకలో ఎరుపు చుక్క, ఆకుపచ్చ చుక్క. కుంచెలో ఒకే ఒక్క వెంట్రుక మిగిలినట్టు ఊహించుకుని పెట్టాలి. ఊపిరి బిగబట్టి పెట్టాను. సినిమాలో ఆయన శ్వాస అంత గట్టిగా వినిపిస్తుంది, ఇక్కడ నాదే ఆగిపోయింది.

బావమరిది పని ఈలోపు చకచకా సాగిపోయింది. రెబెళ్ల బట్టలు గోధుమ, ఆకుపచ్చ, ఇసుకరంగు. వాష్ పూస్తే తప్పులన్నీ మురికిలా కలిసిపోతాయి, యుద్ధంలో మురికి ఎవరికి వింత? ఒక్క ల్యూక్ కళ్ల దగ్గర మాత్రం వారం రోజులు కొట్టుమిట్టాడాడు. ఒక కన్ను ఎటో, ఇంకో కన్ను ఎటో. చివరికి కళ్లు చెరిపేసి, నీడలా ముదురురంగు పూసి వదిలేశాడు. చేతి దూరం నుంచి చూస్తే అదే బాగుంది. ఆట ఆడేదీ చేతి దూరం నుంచే.

ఏప్రిల్ అంతా ఇలాగే పోయింది. మే మొదట్లో పీఠాలకు జిగురు పూసి ఇసుక అద్ది, వార్నిష్ వేసి, అయిందనిపించాం.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పెట్టె కొన్నప్పుడు అదే పెద్ద ఖర్చనుకున్నాం. రంగులు, ప్రైమర్, వార్నిష్, కుంచెలు, కత్తి, జిగుర్లు, మంచి దీపం కలిపి చూసుకుంటే దాదాపు పెట్టె ధరకే దగ్గరగా వచ్చింది. రంగులు ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి కాబట్టి బాధ లేదు. కుంచెల దగ్గర మాత్రం ఖరీదైనది ఒకటి కొని దాన్ని హీరోలకు దాచుకుని, మిగతా పనికి చవకవి వాడటం మేలు. తెలుపు సీసా ఒక్కటే ముందే అయిపోయింది. కోటలు, గోడలు, బండరాళ్లు కొనడం మొదలుపెడితే అంతే లేదు. మావి అట్టపెట్టెలు, థర్మోకోల్, నిజం రాళ్లు.

మే రెండో వారంలో మొదటిసారి ఆడాం. పెట్టెలో ఉన్నవాళ్లతోనే, మూడడుగుల చదరంలో. రెండు గంటల్లో అయిపోతుందనుకున్నది రాత్రి పదకొండు దాకా సాగింది. ప్రతి అడుగుకూ పుస్తకం తిప్పడమే. కానీ ఆ రాత్రే ఈ ఆట నాకు ఎక్కింది. ఎందుకో చెబుతాను.

స్టార్మ్‌ట్రూపర్లు పేల్చితే ఏనుగంత లక్ష్యమైనా తగలదని సినిమా చూసినవాళ్లందరూ జోకులేస్తారు కదా. ఆటలో వాళ్ల తుపాకీకి తెల్ల పాచిక ఇచ్చారు. ఎనిమిది ముఖాల్లో ఒక ముఖం మీదే దెబ్బ, ఇంకో ముఖం మీద గట్టిదెబ్బ, ఐదు ఖాళీ. మిగిలిన ఒక్కటి సర్జ్ గుర్తు, అది కొన్ని దళాలకే కలిసొస్తుంది; వీళ్లకు అదీ దెబ్బగానే లెక్క. అయినా ఐదుగురు పేల్చితే సగటున రెండు కూడా తగలవు. జోకు పాచికలోనే ఉంది. కానీ వీళ్లకు గురి చూసే నైపుణ్యం ఒకటి ఇచ్చారు. మామూలు దళం గురి చూస్తే రెండు పాచికలు మళ్లీ వేసుకోవచ్చు, వీళ్లు మూడు. కాబట్టి పరిగెత్తుతూ పేల్చే ట్రూపర్ సినిమాలో ట్రూపరే. నిలబడి గురి చూసే ట్రూపర్ మాత్రం ప్రమాదకారి. పైగా సినిమాలో ఒక్క దెబ్బకే పడిపోయే ఆ కవచానికి ఇక్కడ రక్షణ కోసం వేసే ఆరు ముఖాల ఎర్ర పాచిక, ఆరింట మూడు ముఖాలు దెబ్బను ఆపుతాయి. రెబెళ్లకు ఆరింట రెండే.

వేడర్ ఇంకా బాగా కుదిరాడు. ఆయన వేగం 1, ఈ పెట్టెలో అందరికంటే నెమ్మది. సినిమాలో ఎప్పుడైనా పరిగెత్తాడా? నడుస్తూనే వస్తాడు, ఎవరూ ఆపలేరు. కదిలిన వెంటనే ఉచితంగా ఒక దాడి చేసుకోవచ్చు. కత్తికి దాడి చేసే ఎనిమిది ముఖాల ఎర్ర పాచికలు ఆరు, ఒక్కోదానికి ఎనిమిదింట ఆరు ముఖాలు తగులుతాయి. ల్యూక్ అలా కాదు, వేగం 2, అడ్డంకుల మీంచి దూకగలడు. వాడి దగ్గర ఒక కార్డు ఉంది, అది ఆడిన రౌండ్‌లో ల్యూక్ దాడి చేశాక ఇంకోసారి దాడి చేయవచ్చు. నా ట్రూపర్ల దళం ఒకటి ఆ రాత్రి అలాగే మాయమైంది.

అన్నిటికంటే నాకు నచ్చింది భయం. కాల్పులు తాకిన ప్రతిసారీ దళం పక్కన ఒక టోకెన్ పడుతుంది. ఎవరూ చావకపోయినా పడుతుంది. టోకెన్లు దళం కార్డు మీదున్న ధైర్యం అంకెతో సమానమైతే, ఒక వంతులో చేసే రెండు పనుల్లో ఒకటి పోతుంది, రెట్టింపైతే దళం బెదిరి వెనక్కి పారిపోతుంది. తన వంతు రాగానే టోకెన్‌కు ఒకటి చొప్పున తెల్ల రక్షణ పాచికలు వేసి వాటిని దులుపుకోవాలి. నా దళం ఒకటి ఒక్క మనిషిని కూడా పోగొట్టుకోకుండా గోడ వెనక అలాగే బిక్కచచ్చి కూర్చుంది, రెండు రౌండ్ల పాటు. సినిమాలో వెనకాల ఎక్కడో నక్కి ఉండే సైనికులు ఎందుకు నక్కుతారో అప్పుడు తెలిసింది.

ఎవరి వంతు ముందన్నది కూడా మన చేతిలో పూర్తిగా లేదు. ప్రతి రౌండ్‌కీ ఇద్దరం ఒక్కో కార్డు బోర్లా పెట్టి తిప్పుతాం. తక్కువ చుక్కలున్నవాడు ముందు, కానీ వాడు ఆజ్ఞ ఇవ్వగలిగేది తక్కువ దళాలకే. ఆజ్ఞ అందని దళాల బిళ్లలన్నీ కలిపేసి, చూడకుండా ఒకటి తీయాలి. ఏది వస్తే అదే కదలాలి. బైక్‌లు రావాలని దేవుణ్ణి మొక్కుకుంటే గోడ వెనకున్న పిరికిదళం వచ్చేది.

మే అంతా చిన్న ఆటలే. ఒకటి గమనించాను. ఎవరు ఎవరికి కనిపిస్తారన్నది తేల్చడానికి బొమ్మ తల ఎత్తుకు వంగి దాని కళ్లలోంచి చూడాలి. ప్రతి కాల్పుకూ ఇద్దరం టేబుల్‌కు రెండువైపులా వంగడం. మర్నాడు నడుం నొప్పి. చిన్న లేజర్ లైట్ ఒకటి కొన్నాక వాదనలూ తగ్గాయి, నొప్పీ తగ్గింది. దళంలో నాయకుణ్ణి మాత్రమే కొలబద్దతో కొలిచి జరిపి, మిగతావాళ్లను వాడి చుట్టూ చేత్తో పెట్టేయవచ్చన్న నియమం ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఒక్కో ఆట రెండు రోజులు పట్టేది.

జూన్ మధ్యలో ఒక ఆదివారం పెద్దాయన ఇంట్లో అసలు ఆట. ఆరడుగులు, మూడడుగుల టేబుల్. 800 పాయింట్లు, ఆరు రౌండ్లు. మా దగ్గరున్న బొమ్మలు అంత లెక్కకు సరిపోవు. తక్కువపడిన దళాలు ఆయనే అరువిచ్చారు. ఆయన బొమ్మల పక్కన నా ట్రూపర్లు నిలబడితే తేడా తెలిసిపోతోంది, కానీ ఆయన వేడర్‌ను మాత్రం చేతిలోకి తీసుకుని హెల్మెట్ చూసి తల ఊపారు. ఆ తల ఊపడానికే నాలుగు నెలలు పడ్డ కష్టం తీరినట్టనిపించింది.

ఏం సాధించాలో కార్డులు తేల్చాయి: టేబుల్ మీద ఐదు సరుకు పెట్టెలు, ఆట చివర్లో ఎవరి చేతిలో ఎన్ని ఉంటే వాళ్లకు అన్ని గెలుపు పాయింట్లు. ఎంతమందిని చంపామన్న లెక్క లేదు. ఆడేముందు ఇది విని సరేనన్నాను. నా కళ్లు మాత్రం ల్యూక్ మీదే ఉన్నాయి.

మొదటి రెండు రౌండ్లలో వేడర్ నడిచాడు. టేబుల్ ఆరడుగులు, ఆయన వేగం 1. మూడో రౌండ్‌లో కూడా నడిచాడు. ఈలోపు బావమరిది దళాలు పరిగెత్తి ఎడమవైపున్న రెండు పెట్టెలు, మధ్యలో ఉన్నది ఒకటి ఎత్తుకున్నాయి. నా బైక్‌లు దూసుకెళ్లి ఒక దళాన్ని సగం కూల్చాయి. వాటి మీద ఏటీ-ఆర్‌టీ మంటలు కక్కింది. నాలుగో రౌండ్‌లో ల్యూక్ తనంతట తానే వేడర్ మీదికి దూకాడు. "సినిమాలో ఉన్నదే కదా బావా, దూకకపోతే ఎలా?" అన్నాడు. రెండు దాడుల కార్డు వేశాడు. వేడర్‌కు ఉన్న ఎనిమిది ప్రాణాల్లో నాలుగు పోయాయి. నా చేతులు చెమట పట్టాయి.

ఐదో రౌండ్‌కు నాదీ వాడిదీ సమానమైన కార్డు పడింది. ఎవరు ముందన్నది పాచిక మీద తేలాలి, తేలింది నా వైపు. ఆరు ఎర్ర పాచికలు దొర్లించాను. ఆరులో ఐదు తగిలాయి. ల్యూక్ ఆపుకున్నవి సరిపోలేదు. పెద్దాయన కూడా లేచి నిలబడ్డారు. బావమరిది మాట్లాడకుండా ల్యూక్‌ను తీసి పక్కన పడుకోబెట్టాడు, వారం రోజులు కళ్లు దిద్దిన బొమ్మ.

ఆరో రౌండ్‌లో చూస్తే వేడర్ చుట్టూ ఎవరూ లేరు. పెట్టెలు పట్టుకున్న రెబెళ్లు టేబుల్ ఆ చివర గోడల వెనక ఉన్నారు. ఆయన ఇంకా నడవాలి, రౌండ్లు అయిపోయాయి. లెక్క చూస్తే వాడికి మూడు, నాకు రెండు. ఆట మొదలుపెట్టి ఐదు గంటలైంది.

పెద్దాయన తర్వాత కూర్చోబెట్టి లెక్క చెప్పారు. వేడర్ ఒక్కడే 200 పాయింట్లు, అంటే సైన్యంలో పావువంతు ఒకే మనిషి. పెట్టెలు మోసే ఆటలో అంత నెమ్మదిగా నడిచేవాడి మీద అంత పెట్టడం దండగ. అదే వేడర్ వైపు సేనాని జనరల్ వీర్స్‌ను కమాండర్‌గా పెడితే 80తో పోతుంది. మిగిలిన 120తో ఇంకో జత బైక్‌లు తీసుకున్నా 30 మిగులుతాయి. లెక్క కాదనడానికి లేదు. వీర్స్ బొమ్మ ఆయన దగ్గరే ఉంది, అరువిస్తానన్నారు.

ఆగస్టులో మళ్లీ ఆడదామని అనుకున్నాం. ల్యూక్‌ను ఎలాగైనా తెస్తానంటున్నాడు బావమరిది. "మరి నువ్వు బావా, వేడర్‌ను ఇంట్లో వదిలేస్తావా?" అని వారానికోసారి ఫోన్ చేసి అడుగుతున్నాడు. వీర్స్‌తో ఒక సైన్యం లిస్టు, వేడర్‌తో ఒక లిస్టు రాసి పెట్టుకున్నాను. రెండోదే ఎక్కువసార్లు తీసి చూసుకుంటున్నాను.